కథేతర గ్రంథములపై కిశోరుల అభిప్రాయములు: చారిత్రకాధారములుగా వాని విలువ

మన ఆలంకారికులు పాఠకుని గూర్చి చెప్పినప్పుడెల్ల సహృదయుని గూర్చియే చెప్పిరి. కావ్యములను పలుమారు పరిశీలించి, ఆ అభ్యాసముచే మనస్సును అద్దమువలె నిర్మలము గావించుకొన్నవాడు సహృదయుడని అభినవగుప్తుని అభిప్రాయము. ఈ నిర్వచనము ననుసరించి చూచినచో పదునైదేండ్ల బాలునకు గాని బాలికకు గాని పాఠకలోకమున స్థానము లేదు. అభ్యాసమునకు కాలము కావలయును. ఆ కాలము వారికింకను గడవలేదు. అందుచేతనే కాబోలు, మన సాహిత్యచరిత్రలలో కవులు కలరు, కృతిపతులు కలరు, వ్యాఖ్యాతలు కలరు, విమర్శకులు కలరు. చదివిన పిల్లవాడు మాత్రము అరుదుగనే కానవచ్చును.

అయితే చదివిన గ్రంథము కావ్యము కానిచో సంగతి యేమి? చరిత్రము, జీవితచరిత్రము, ప్రకృతిశాస్త్రము, ధర్మశాస్త్రము, ఉపన్యాససంకలనము మున్నగు కథేతర గ్రంథముల విషయమున పాఠకుడు చేయు పని రసాస్వాదన మొక్కటియే కాదు. ఇది నిజమా? నిజమైనచో నేనేమి చేయవలయును? ఇంతవరకు ఈ సంగతి నాకెవ్వరును ఏల చెప్పలేదు? అను ప్రశ్నలు అచ్చట పుట్టును. వీనిని వేయుటకు అలంకారశాస్త్ర పరిచయము అక్కరలేదు. పైగా, పెద్దవారు అడుగ మరచిన ప్రశ్నలనే పిన్నవారు అడుగుట లోకానుభవము.

పదుమూడేండ్లు మొదలు పందొమ్మిదేండ్ల వరకు గల వయస్సునే ఈ వ్యాసమున కౌమారమని వ్యవహరించితిమి. ఆ వయస్సునందు, లేక దానికి మిక్కిలి సమీపమున, కొందరు తాము చదివిన కథేతర గ్రంథములను గూర్చి ఏర్పరచుకొన్న అభిప్రాయములు మనకు లభించుచున్నవి. వానిని చరిత్రకారుడు ఎట్లు గ్రహింపవలయును, ఎంతవరకు విశ్వసింపవలయును అనునదియే మేము పరిశీలింపబూనిన విషయము. దృష్టాంతములుగా ఐదుగురు పాఠకులను గైకొంటిమి. వారిలో నలుగురు పిదప ప్రఖ్యాతులైరి. ఐదవ యామె ప్రఖ్యాతికి ముందే మరణించినది.

ఆధారముల స్వరూపము

ఇట్టి అభిప్రాయములు మూడు విధములుగా మనకు చేరును. చదివిన దినములలోనే పాఠకుడు తనకై వ్రాసికొన్నది మొదటి విధము. దినచర్యలు, మిత్రులకు వ్రాసిన జాబులు, గ్రంథపు అంచులపై గీసిన గీతలు ఇందు చేరును. ఏండ్లు గడచిన పిమ్మట స్మరించి చెప్పినది రెండవ విధము. స్వీయచరిత్రలును, సభలలోని ప్రసంగములును ఇట్టివి. అధికారముగల పెద్దవాడు అడుగగా వ్రాసిన సమాధానము మూడవ విధము; మన పరీక్షాపత్రములన్నియు ఈ కోవకు చెందును.

ఈ మూటిలో మొదటిది మిక్కిలి అరుదు. పిల్లలు వ్రాసికొన్న కాగితములను దాచువారు లేరు. రెండవది కొంత విరివిగా దొరకును గాని, అందు చదివిన బాలుడును, స్మరించు వృద్ధుడును ఏకమై మాటలాడుదురు. ఎవరి మాట ఎక్కడ ముగిసినదో తెలియుట కష్టము. మూడవది రాసులు రాసులుగా పుట్టి, ఆయేటికాయేడు నశించుచున్నది. నశించుట సరియే, అందు అభిప్రాయ మెక్కడున్నదని కొందరు అడుగవచ్చును. ఆ ప్రశ్నకు చివర సమాధానము చెప్పుదుము.

లింకను: సత్యము కాని గ్రంథము, సత్యమైన అభిప్రాయము

1861వ సంవత్సరము ఫిబ్రవరి 21వ తేదీన అబ్రహాము లింకను న్యూజెర్సీ రాష్ట్రపు రాజధానియైన ట్రెంటను నగరమున శాసనసభ్యుల యెదుట ప్రసంగించెను. మరి రెండు వారములలో ఆయన అమెరికా అధ్యక్షపదవి స్వీకరింపవలసియుండెను. అప్పటికే దక్షిణ రాష్ట్రములు కొన్ని ఐక్యమునుండి విడిపోయియుండెను. అట్టి సమయమున ఆయన తన చిన్ననాటి చదువును ప్రస్తావించెను. చదువనేర్చిన తొలిదినములలో వీమ్సు వ్రాసిన వాషింగ్టను జీవితచరిత్రము తన చేతికి వచ్చెననియు, అందలి యుద్ధములన్నింటిలో ట్రెంటను కడ జరిగిన పోరాటమే తన మనస్సున గాఢముగా నాటుకొనెననియు, వారు పడిన ఆ పాట్లన్నియు సామాన్యమైన దేదో పొందుటకు మాత్రము కాదని బాలుడయ్యును తాను తలపోసితిననియు ఆయన చెప్పెను.

ఆ గ్రంథకర్త మేసన్ లాక్ వీమ్సు మతాచార్యుడు. ఊరూర తిరిగి పుస్తకములమ్మినవాడు. వాషింగ్టను 1799 డిసెంబరులో మరణింపగా, మరుసటి యేడే వీమ్సు గ్రంథము వెలువడినది. బాలుడైన వాషింగ్టను చెర్రీచెట్టును గొడ్డలితో నరికి, తండ్రి యడుగగా అబద్ధమాడక ఒప్పుకొనెనను కథ లోకమున కెక్కినది ఈ గ్రంథము మూలముననే. ఆ కథ 1806 నాటి ముద్రణమున చేరినది. దానికి ప్రమాణము లేదని చరిత్రకారులు ఏనాడో తేల్చిరి. సత్యవాక్యమును బోధించుటకు అసత్యమును కల్పించిన గ్రంథమది.

ఇక్కడ పరిశోధకునకొక చిక్కు కలుగును. ప్రామాణ్యము లేని గ్రంథమును చదివి ఒక బాలుడు ఏర్పరచుకొన్న అభిప్రాయమునకు విలువ యేమి? మా సమాధానమిది: లింకను మెచ్చినది చెర్రీచెట్టు కథను కాదు. నదిని దాటుటను, కూలిసేనలతో పోరుటను, సైనికులు పడిన కష్టములను ఆయన జ్ఞప్తియందుంచుకొనెను. 1776 డిసెంబరులో వాషింగ్టను సేన డెలావేరు నదిని దాటి ట్రెంటనుపై బడుట కల్పన కాదు, చరిత్ర. అభిప్రాయము పుట్టినది ఆ చోటనే. ఇంతమంది ఇంత బాధపడుట దేనికొరకని బాలుడు ప్రశ్నించుకొనెను. గ్రంథమందలి దోషము గ్రంథకర్తది; ప్రశ్న పాఠకునిది.

అయినను ఒక జాగ్రత్త అవసరము. ఆ మాట చెప్పునాటికి లింకను వయస్సు 52 ఏండ్లు. ఆయన నిలిచియున్నది ట్రెంటనులోనే. వినువారు ఐక్యమునకు కట్టుబడవలయునని ఆయన కోరిక. అట్టి సభలో ట్రెంటను యుద్ధమే అన్నిటికంటె మిన్నగా జ్ఞప్తికి వచ్చుట ఆశ్చర్యము కాదు. స్మరణ అసత్యమని మా తాత్పర్యము కాదు. సభ స్మరణను ఎన్నుకొనునని మాత్రమే.

డగ్లసు: ఒకే గ్రంథముపై రెండభిప్రాయములు

లింకనుకు సమకాలికుడైన ఫ్రెడరిక్ డగ్లసు బానిసగా పుట్టినవాడు. బాల్టిమోరు నగరమున తన సంపాదనలో మిగిల్చిన యాబది సెంట్లు వెచ్చించి ఆయన ‘కొలంబియన్ ఆరేటర్’ అను పుస్తకమును కొనెను. కేలెబ్ బింగ్‌హాము కూర్చిన ఈ గ్రంథము 1797లో తొలుత అచ్చయినది. పాఠశాలల బాలురకు వక్తృత్వమును నేర్పుటకు ఉద్దేశింపబడినది. అందు ఉపన్యాసములతోపాటు ఒక యజమానునకును బానిసకును నడచిన సంవాదమొకటి కలదు. పారిపోయి పట్టుబడిన బానిస తన వాదబలముచే యజమానుని ఓడించి విముక్తిని పొందును. సంవాదము కల్పితమే, వాదము మాత్రము కల్పితము కాదు.

ఈ గ్రంథముపై డగ్లసు అభిప్రాయము రెండు ముఖములు గలది. తన మనస్సున మెదలుచు, మాటకు అందక మాయమగుచుండిన భావములకు ఈ పుస్తకము నాలుక నిచ్చినదని ఆయన కృతజ్ఞతతో చెప్పెను. చదువు తనకు వరము కాదు, శాపమేమోయని కొన్ని వేళల దోచెననియు ఆయనయే చెప్పెను. ఏలయన, గ్రంథము ఆయనకు తన దుఃస్థితిని చూపినదే గాని, దానినుండి బయటపడు దారిని చూపలేదు. చదువెరుగని తోడి బానిసలను చూచి తాను అసూయపడితినని ఆయన వ్రాసినాడు. పుస్తకమును గూర్చి ఇంతకంటె నిజాయితీగల అభిప్రాయము మేము చదివియుండలేదు. ‘పుస్తకము మంచిమిత్రము’ అని వ్రాసిన వ్యాసములు మన పాఠశాలలలో వేలకొలది కలవు. ‘ఈ పుస్తకము నా నిద్ర చెరచినది’ అని వ్రాసిన బాలుని మనము ఎరుగము.

స్మరణలోని పొరపాట్లును ఇక్కడ గమనింపదగినవి. 1845లో అచ్చయిన తొలి స్వీయచరిత్రలో డగ్లసు ఆనాటికి తన వయస్సు సుమారు పండ్రెండేండ్లని చెప్పెను; 1855 నాటి రెండవ గ్రంథమున ఇంచుమించుగా పదుమూడేండ్లనెను. బానిసల పుట్టినదినములను వ్రాసియుంచువారు లేని కాలమున ఈ తేడా సహజము. క్యాథలిక్కుల విముక్తిని గూర్చి షెరిడను చేసిన ఉపన్యాసము ఆ సంకలనమున తన్నాకర్షించెనని ఆయన వ్రాసెను గాని, గ్రంథమున ఆ విషయముపై నున్న ఉపన్యాసము ఓకానరు అను వేరొక వక్తది. పేరు మారినది, వాదము మారలేదు. బాల్యపఠనమును గూర్చిన స్మరణలలో పేర్లు, తేదీలు ముందు చెదరును. ప్రశ్న కడవరకు నిలుచును. ఈ సూత్రము మనకు ముందును ఉపకరించును.

మిల్లు: అభిప్రాయమునకు గల ఆయువు

ఇంగ్లండునందు జాన్ స్టూఅర్టు మిల్లు స్థితి వేరు. డగ్లసునకు పుస్తకము నిషిద్ధము. మిల్లునకు పుస్తకము నిర్బంధము. తండ్రి శిక్షణలో పసినాడే గ్రీకు నేర్చి, చరిత్రలను గుట్టలుగా చదివిన ఆ బాలుడు 1821లో, పదునైదేండ్ల వయస్సున, బెంథాము శాసననిర్మాణ సిద్ధాంతములను జెనీవా వాసియైన డ్యూమాంటు ఫ్రెంచిభాషలో సంగ్రహించిన గ్రంథమును చదువ మొదలిడెను. కడపటి సంపుటమును క్రిందపెట్టునప్పటికి తాను వేరొక మనిషినైతినని ఆయన స్వీయచరిత్ర చెప్పుచున్నది. విడివిడిగా నున్న తన జ్ఞానమునంతటిని ఒక్కసూత్రము బంధించినదనియు, ఆనాటినుండి తనకొక మతమేర్పడినదనియు ఆయన భావించెను.

ఈ అభిప్రాయము ఐదేండ్లు నిలిచినది. 1826వ సంవత్సరమున, ఇరువదేండ్ల ప్రాయమున, మిల్లు తన్నుతాను ఒక ప్రశ్న వేసికొనెను: నేను కోరు సంస్కరణములన్నియు ఈ క్షణముననే నెరవేరినచో నాకు ఆనందము కలుగునా? కలుగదని మనస్సు బదులు చెప్పెను. అంతటితో గ్రంథము కట్టిన భవనము కూలిపోయెను. పిదప ఆ విషాదమునుండి ఆయనను తేర్చినదియు కథేతర గ్రంథమే యగుట విశేషము. ఫ్రెంచి రచయితయైన మార్మాంటెల్ స్వీయచరిత్రలో తండ్రి మరణించిన ఘట్టమును, ఇకపై కుటుంబమునకు అన్నియు తానే కాగలనని ఆ బాలుడు నిశ్చయించుకొనుటను చదివి మిల్లు కన్నీరు విడిచెను. ఆనాటితో భారము తగ్గినదని వ్రాసినాడు.

కౌమారమునందలి అభిప్రాయము తీవ్రమైనది, కాని స్థిరము కాదని దీనివలన కొందరు నిర్ణయింతురు. మేమట్లు తలంపము. పదునైదేండ్లనాటి అభిప్రాయము తప్పని మిల్లు చెప్పలేదు. అది చాలలేదని చెప్పెను. మొదటి గ్రంథము ఆయన బుద్ధికి లేనిదానిని ఇచ్చెను. రెండవది హృదయమునకు లేనిదానిని ఇచ్చెను. ఏ వయస్సున ఏది కొరవడెనో ఈ రెండభిప్రాయములు మనకు తెలుపుచున్నవి. కావున అభిప్రాయము మారినప్పుడు మొదటిదానిని కొట్టివేయుట కంటె, రెంటిని పక్కపక్కన పెట్టుటయే పరిశోధకుని విధి.

1907: రెండు జీవితచరిత్రలు

లింకను బాలుడుగా ఒక జీవితచరిత్రమును చదివెను. కాలాంతరమున ఆయనయే జీవితచరిత్రమైనాడు. ఆ చరిత్రము తెలుగునకు వచ్చిన విధము మనకు ప్రియమైన ప్రకరణము. 1906లో కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారు మున్నగువారు హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. చరిత్రలును, జీవితచరిత్రలును, ప్రకృతిశాస్త్రములును తెలుగున లభింపవలయునని ఆ మండలి సంకల్పము. వారి ప్రథమ ప్రచురణము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి ‘అబ్రహాము లింకను చరిత్రము’, 1907లో వెలువడినది. అప్పటికి గ్రంథకర్తకు ఇరువదినాలుగేండ్ల ప్రాయము. మరుసటి యేడే ఆయన పత్రికలోని వ్రాత కారణముగా కారాగారమునకు పోయెను. రాజును గాని, మతాచార్యుని గాని కాక, బానిసత్వమును తొలగించిన కట్టెలుకొట్టు బాలుని చరిత్రమును తొలి గ్రంథముగా ఎన్నుకొనుట, ఆ గ్రంథము ఎట్టి పాఠకునకై యెదురుచూచుచుండెనో మనకు స్పష్టము చేయుచున్నది. ఆనాటి తెలుగునాట కిశోరపాఠకుడు కలడని నమ్మి పనిచేసినవారు మండలి పెద్దలు.

ఇంచుమించుగా ఆ కాలముననే బొంబాయిలో వేరొక జీవితచరిత్రము ఒక బాలుని చేతికి వచ్చెను. ఉపాధ్యాయుడును మరాఠీ రచయితయునైన కృష్ణాజీ అర్జున్ కేళుస్కరు తాను వ్రాసిన బుద్ధచరిత్రమును భీమరావు అంబేద్కరునకు బహూకరించెను. పరీక్షలో ఉత్తీర్ణుడైన బాలుని అభినందించుటకు అతని కులమువారు జరిపిన సభ అది. ఏ పరీక్ష యను విషయమున ఆధారములు భేదించుచున్నవి. జీవితచరిత్రకారులు 1907 నాటి మెట్రిక్యులేషను అని చెప్పుదురు. అంబేద్కరు మాత్రము 1956లో ‘బుద్ధుడు, ఆయన ధర్మము’ అను గ్రంథమునకై వ్రాసిన ఉపోద్ఘాతమున ఆంగ్లము నాల్గవ తరగతి పరీక్షయని వ్రాసినాడు. ఆ ఉపోద్ఘాతము 1957లో అచ్చయిన ప్రథమ ముద్రణమున చేరలేదు. పేర్లు, తేదీలు ముందు చెదరునను సూత్రమునకు ఇది వేరొక నిదర్శనము.

ఆ గ్రంథమును మిక్కిలి ఆసక్తితో చదివితిననియు, అది తన్ను కదలించినదనియు ఆయన చెప్పెను. అయితే మెప్పుదల కంటె విలువైనది దాని వెంట వచ్చిన ప్రశ్న. బౌద్ధవాఙ్మయమును మా తండ్రి మాకేల పరిచయము చేయలేదు? భారత రామాయణములనే ఏల చదివించెను? ఈ ప్రశ్నను బాలుడు తండ్రినే అడిగెను. తక్కువ స్థితినుండి పైకి వచ్చిన ద్రోణకర్ణాదుల కథలు మీకు ధైర్యమిచ్చునని తండ్రి సమాధానము. కొడుకునకు అది తృప్తి నీయలేదు. అక్కడ తండ్రియు మూఢుడు కాడు, కొడుకును అవిధేయుడు కాడు. ఇరువురును ఒకే గాయమునకు వేర్వేరు మందులు వెదకినారు.

ఆ చిన్నవయస్సున తాను ఖాళీ మనస్సుతో బుద్ధుని కడకు పోలేదనియు, ముందు చదివినదానితో పోల్చిచూచుటకు తనకొక నేపథ్యము కలదనియు అంబేద్కరు అదే చోట చెప్పినాడు. కిశోరపాఠకుడు వ్రాయని పలకవంటివాడను లోకాభిప్రాయమునకు ఇంతకంటె గట్టి ఖండనము లేదు. 1956 అక్టోబరు 14న నాగపురమున జరిగిన దీక్షాస్వీకారమునకు ఈ ఒక్క పుస్తకమే కారణమని చెప్పుట అతిశయోక్తి యగును. నడుమ దాదాపు ఐదు దశాబ్దముల చదువును, పోరాటమును కలవు. కాని ప్రశ్న పుట్టిన చోటు మాత్రము ఆయన వ్రాతచేతనే మనకు తెలిసినది.

ఆన్ ఫ్రాంక్: ఆనాటి వ్రాత

ఇంతవరకు చూచినవన్నియు స్మరణలు. చదువుచున్న దినములలోనే వ్రాసిన అభిప్రాయమునకు ఆన్ ఫ్రాంక్ దినచర్య ప్రశస్తమైన ఉదాహరణము. 1942 జూలై మొదలు 1944 ఆగస్టు 4వ తేదీ వరకు ఆమె కుటుంబముతో ఆమ్‌స్టర్‌డామునందలి ఒక కార్యాలయపు వెనుకభాగమున దాగియుండెను. బయటనున్న హితులు గ్రంథాలయమునుండి పుస్తకములు తెచ్చి యిచ్చుచుండిరి. ఈ దినచర్యను యుద్ధకాలపు సాక్ష్యముగా లోకము చదివినది. ఒక చరిత్రవిద్యార్థిని పఠనపత్రముగా చదివినవారు తక్కువ. రాజవంశముల వంశవృక్షములను గీయుట ఆమెకు మిక్కిలి ఇష్టమైన వ్యాసంగములలో నొకటి.

1944 ఏప్రిల్ 27న, పదునాలుగేండ్ల వయస్సున, అయిదవ చార్లెసు చక్రవర్తి చరిత్రమును గూర్చి ఆమె వ్రాసిన మాటలు గమనింపదగినవి. గ్రంథకర్త గొట్టింగెన్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడనియు, నలుబదియేండ్లు శ్రమించి దానిని రచించెననియు చెప్పి, తాను ఐదు దినములలో ఏబది పుటలు మాత్రమే చదువగలిగితిననియు, గ్రంథమున 598 పుటలు కలవనియు, రెండవ సంపుటము వేరుగా నున్నదనియు లెక్కవేసినది. అయినను చాల ఆసక్తికరముగా నున్నదని ముగించినది. ఆచార్యుని శ్రమపై గౌరవము, తన నడకపై నవ్వు, విషయముపై ప్రీతి — మూడును ఒక్కచోట కలిసియున్న ఈ అభిప్రాయమును మన సమీక్షకులు పలువురు అసూయతో చూడదగును.

విశేషమేమన, మే 11వ తేదీ వ్రాతలో ఆ మొదటి సంపుటమును ముందునాడే ముగించితిననియు, అందుండి ఎత్తివ్రాసికొన్న వంశవృక్షములను సరిచూడవలయుననియు ఆమె చెప్పుచున్నది. ఆనాడే గెలీలియో జీవితచరిత్రము 320 పుటలలో 220వ పుటకు వచ్చితినని, గ్రంథాలయమునకు తిరిగి ఈయవలసిన గడువు సమీపించినదని తొందరపడుచున్నది. ఏప్రిల్ నాటి లెక్క ప్రకారము ఆ సంపుటమునకు రెండు నెలలు పట్టవలసియుండెను. పదునైదు దినములలోపుననే అది ముగిసినది. స్వీయచరిత్ర వ్రాయువారికి ఏప్రిల్ నాటి ఆ నిరాశ జ్ఞప్తికి రాదు; ముగించిన గర్వము మాత్రమే మిగులును. ఆనాటి వ్రాతకు గల విలువ యిదియే.

మూలపాఠవిషయమున ఒక మాట. 1944 మార్చిలో దినచర్యలను, జాబులను భద్రపరచుడని డచ్చి మంత్రి రేడియోలో కోరగా, మే నెలలో ఆన్ తన దినచర్యను గ్రంథరూపమున తిరిగి వ్రాయుట కారంభించెను. ఆ సంస్కృతపాఠము మార్చి 29 నాటి వ్రాతతో నిలిచిపోయినది. కావున మేము పైన పేర్కొన్న ఏప్రిల్, మే నెలల వ్రాతలు ఆమె దిద్దిన పాఠమున లేవు. తొలిపాఠమునుండియే మనకు వచ్చినవి. 1947లో తండ్రి ప్రకటించిన ముద్రణమును, 1986 నాటి సంశోధిత ముద్రణమును పోల్చి చూచుట పరిశోధకునకు అవశ్యకర్తవ్యము. 1945 తొలిమాసములలో, పదునైదేండ్ల వయస్సున, ఆమె బెర్గెన్ బెల్సెన్ నిర్బంధశిబిరమున మరణించినది. ఆమె అభిప్రాయములను పెద్దవయస్సున సవరించుకొను అవకాశము ఆమెకు దొరకలేదు. నలుగురు ప్రఖ్యాతుల స్మరణలకు లేని శుద్ధత ఈ వ్రాతలకు కలుగుటకు కారణము ఆ దారుణమే యని తలచినప్పుడు, శుద్ధతను మెచ్చుటకును నోరాడదు.

ఫలితార్థము

పై దృష్టాంతములనుండి మూడు సంగతులు తేలుచున్నవి. మొదటిది, కిశోరుని అభిప్రాయము గ్రంథపు ప్రామాణ్యమునకు సాక్ష్యము కాదు. ఆ వయస్సున ఆ పాఠకునకు ఏమి కొరవడియుండెనో దానికి సాక్ష్యము. రెండవది, స్మరణలలో పేర్లకంటె, తేదీలకంటె, వయస్సుకంటె ప్రశ్న నమ్మదగినది. మూడవది, ఆనాటి వ్రాత దొరకినచో, ఎంత చిన్నదైనను, అది స్మరణకంటె ముందు పరిశీలింపదగినది.

ఇక పరీక్షాపత్రముల మాట. మా అనుభవమొకటి చెప్పుకొనుట అప్రస్తుతము కాదనుకొందుము. కొన్నియేండ్లక్రితము ప్రథమవర్షపు తరగతికి మేము ఒక మహాపురుషుని జీవితచరిత్రమును ఉపవాచకముగా బోధించితిమి. దానిపై మీ అభిప్రాయము వ్రాయుడని పరీక్షలో అడిగితిమి. తరగతియంతయు మహాపురుషుని త్యాగమును, శైలీసౌకుమార్యమును కొనియాడినది. ఒక్క విద్యార్థిని మాత్రము పుస్తకమును సగమే చదివితిననియు, ఆ మహనీయుని భార్య పేరు పుస్తకమంతట వెదకినను ఒక్కచోటనే కనబడెననియు, ఆయన జైలులో నుండగా ఇల్లు ఎవరు నడపిరో గ్రంథకర్త చెప్పలేదనియు వ్రాసినది. మేము ఎర్రసిరాతో ‘ప్రశ్నకు సంబంధము లేదు’ అని వ్రాసి, పదింట రెండు మార్కులు వేసితిమి. సగము చదివినదానికి తక్కువ మార్కులు న్యాయమే. కాని తరగతి మొత్తములో ప్రశ్నకు సంబంధించిన సమాధానము అదొక్కటియే యని మాకు తెలియుటకు చాలకాలము పట్టినది. తెలిసిననాడు ఆ కాగితమునకై వెదకితిమి. నియమానుసారముగా గడువు తీరిన పత్రములన్నియు తూకమునకు అమ్ముడుపోయినవి. ఆ బాలిక మాటలను ఇప్పుడు మేము స్మరణనుండియే వ్రాయుచున్నాము. స్మరణపై ఇంతసేపు చెప్పిన శంకలన్నియు మాకును వర్తించును.

కావున తెలుగుశాఖలకు మా మనవి యిది. విద్యార్థులు చదివిన చరిత్ర, జీవితచరిత్ర, శాస్త్రగ్రంథములపై మార్కులతో నిమిత్తము లేకుండ ఏటికొకమారు వారిచేత ఒక పుట వ్రాయింపవలయును. నచ్చకున్నను వ్రాయవచ్చునని, ముగింపకున్నను దాపరికము లేక చెప్పవచ్చునని వారికి తెలియజేయవలయును. తేదీయు, వయస్సును, గ్రంథపు పేరును ఉండిన చాలును; వ్రాసినవారి పేరు అక్కరలేదు. వానిని దిద్దవద్దు, ఒక బీరువాలో భద్రపరచుడు. గ్రంథాలయములలో పాత పుస్తకములను తొలగించునపుడు అంచులపైని వ్రాతలను ఒకమారు చూచి తొలగింపుడు. 1907లో మన పెద్దలు కిశోరపాఠకుడు కలడని నమ్మి గ్రంథములు వ్రాసిరి. అతడు బదులు చెప్పియే యుండును. ఆ బదులును వినవలసిన వంతు మనది. మన తరగతిగదులలో నేడు వ్రాయబడుచున్న బదులును పోగొట్టకుండుట మన చేతనే యున్నది.